మూడేళ్లు కోర్టులో నిలబడగలరా?

లా డిగ్రీ చేతికి రాగానే జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూర్చుందాం అనుకుని చదువుతున్నారా? అయితే మీ లెక్క కొంచెం మార్చుకోవాలి. ఆ పోస్టుకు పోటీ పడాలంటే ముందు కనీసం మూడేళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బార్ కౌన్సిల్‌లో ప్రొవిజనల్‌గా పేరు నమోదైన రోజు నుంచి ఆ మూడేళ్లను లెక్కిస్తారు. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలన్నా క్రిమినల్ కోర్టుల్లో మూడేళ్ల ప్రాక్టీస్ అడుగుతున్నారు. అంటే మీరు చివరికి ఏమవుదామనుకున్నా సరే, ముందు నల్లకోటు వేసుకుని ఏదో ఒక కోర్టు హాల్లో నిలబడాల్సిందే.

ఈ మూడేళ్లను చాలామంది వెయిటింగ్ రూమ్‌లా చూస్తున్నారు. పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది సర్టిఫికెట్ ఇచ్చి, దానిపై స్థానిక న్యాయాధికారి సంతకం ఉంటే చాలు కదా, ఆ సంతకం సంపాదించుకుని కోచింగ్ సెంటర్‌లో కూర్చుంటే సరిపోతుంది అని. అలా గడిపేయడం సాధ్యమే కావచ్చు. కానీ అది చేతికొచ్చిన అవకాశాన్ని వదులుకోవడమే. ఈ మూడేళ్లు ఎక్కడ పెడితే ఎక్కువ నేర్చుకుంటారు అని అడిగితే నా జవాబు ఒక్కటే: క్రిమినల్ కోర్టులో, అదీ నిందితుడి తరఫున. సివిల్ దావాలో ఒక వాయిదాకీ ఇంకో వాయిదాకీ మధ్య మీ జుట్టు తెల్లబడుతుంది. క్రిమినల్ కేసులో రిమాండు, బెయిలు, చార్జిషీటు, సాక్షులు, తీర్పు అన్నీ కళ్ల ముందే నడుస్తాయి. మనిషి జైల్లో ఉంటాడు కాబట్టి ఆ పని ఆగదు.

చిలకలపూడి కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. కృష్ణా జిల్లా ప్రధాన న్యాయస్థానం ఉన్నది మీ ఊళ్లోనే, బందరులో. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లాక కూడా మచిలీపట్నం జిల్లా కేంద్రంగానే ఉంది. గుడివాడ నుంచో అవనిగడ్డ నుంచో వచ్చేవాళ్లకు బస్సు చార్జీ, రోజులో రెండు మూడు గంటలు పోతాయి. మీకు ఆ ఖర్చు లేదు. జీతం లేని తొలి రోజుల్లో ఇది చిన్న విషయమేమీ కాదు.

దొంగ తరఫున ఎలా వాదిస్తారు?

ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఇదే. "వాడు తప్పు చేశాడని ఊరంతా అంటుంటే నువ్వు వాడి పక్కన నిలబడతావా?" అని అమ్మ అడుగుతుంది. పెళ్లి సంబంధాల వాళ్లూ అడుగుతారు. జవాబు సిద్ధంగా పెట్టుకోండి. పుస్తకంలో జవాబు సులభం. నిందితుడు దోషా కాదా అన్న సొంత అభిప్రాయంతో సంబంధం లేకుండా అతని తరఫున వాదించడం న్యాయవాది విధి అని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు స్పష్టంగా చెబుతున్నాయి. ఫలానా నిందితుడి కేసు ఎవరూ తీసుకోవద్దని బార్ అసోసియేషన్లు చేసే తీర్మానాలు చెల్లవని సుప్రీంకోర్టు 2010లోనే, తమిళనాడు నుంచి వచ్చిన మహమ్మద్ రఫీ కేసులో చెప్పింది. అయినా 2019 చివర్లో హైదరాబాద్ శివార్లలో యువ వైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత, నిందితుల తరఫున వాదించబోమని షాద్‌నగర్ న్యాయవాదులు ప్రకటించారు. ఆ కోపం అర్థం కానిది కాదు. కానీ ఆ నలుగురూ డిసెంబర్ 6న పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ తన నివేదికలో తేల్చింది. విచారణే జరగలేదు కాబట్టి, ఆ రాత్రి ఏం జరిగిందో సాక్ష్యం మీద తేల్చే అవకాశం ఇక ఎవరికీ రాలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే ఉమ్మడి కృష్ణా జిల్లాలోదే ఉంది. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఓ హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని అత్యాచారానికి, హత్యకు గురైంది. రాష్ట్రమంతా అట్టుడికింది. నెలలు గడిచినా దోషి దొరకలేదని పోలీసుల మీద ఒత్తిడి పెరిగింది. 2008 ఆగస్టులో నందిగామ ప్రాంతానికి చెందిన ఓ పేద యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010 సెప్టెంబర్‌లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు అతనికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. దర్యాప్తు తీరును తప్పుపట్టింది. అతనికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలంది. రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి బయటికొచ్చేసరికి అతని యవ్వనంలో ఎనిమిదేళ్లకు పైగా పోయాయి. లక్షను ఆ ఏళ్లతో భాగించి చూడండి, నెలకు వెయ్యి రూపాయలు కూడా రాదు.

ఇందులో రెండో వైపు కూడా ఉంది. అదే ముఖ్యం అనిపిస్తుంది నాకు. 2018లో హైకోర్టు ఆ దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అంటే కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు పదకొండేళ్ల తర్వాత మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడ్డారు. నిలబడని సాక్ష్యంతో ఒకరికి శిక్ష వేయిస్తే నష్టం ఆ ఒక్కడిదే కాదు, బాధితుల ఇంటిది కూడా. డిఫెన్స్ లాయర్ గట్టిగా అడ్డుపడితేనే పోలీసులు గట్టి సాక్ష్యం వెతుకుతారు. ఇంట్లో అడిగితే ఈ జవాబు చెప్పండి.

కేసు ఎలా నడుస్తుంది?

సినిమాల్లో లాయరు చేతులు ఊపుతూ మాట్లాడతాడు. అసలు కోర్టులో గెలిచేవాళ్లు ఎక్కువగా కాగితాలు చదివేవాళ్లు. ఒక ఊహాజనిత కేసు తీసుకుందాం. చిలకలపూడిలో ఓ రోల్డ్‌గోల్డ్ వర్క్‌షాపులో పూత పూసిన గొలుసులు మూడు కట్టలు పోయాయి. పక్క వీధి కుర్రాణ్ణి పోలీసులు పట్టుకున్నారు. మర్నాడు పేపర్లో "విచారణలో నేరం అంగీకరించాడు" అని వస్తుంది. మా పత్రికల వాళ్లకు ఈ వాక్యం బాగా అలవాటైపోయింది. నిజానికి పోలీసుల ముందు చెప్పిన ఒప్పుకోలుకు కోర్టులో విలువ లేదు. పాత సాక్ష్య చట్టంలో అంతే, కొత్త భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కూడా అదే అంటుంది. ఒక్క మినహాయింపు ఉంది. నిందితుడు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, దాన్ని బయటపెట్టిన ఆ మేరకు మాట చెల్లుతుంది. కాబట్టి దొంగతనం కేసులు చాలావరకు రికవరీ మీదే నడుస్తాయి. డిఫెన్స్ పని కూడా అక్కడే మొదలవుతుంది.

మధ్యవర్తుల రిపోర్టు మీద ఎవరు సంతకం చేశారు? వాళ్లు నిజంగా ఆ చోటికి వెళ్లారా, స్టేషన్‌లో కూర్చుని సంతకం పెట్టారా? సోదా, స్వాధీనం ఆడియో వీడియో తీయాలని కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ చెబుతోంది కదా, ఆ వీడియో ఏది? ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ఆగింది? ఇక అసలు ప్రశ్న చిలకలపూడి వాళ్లకు తెలిసినంతగా వేరే ఊరి లాయరుకు తెలియదు. ఒకే అచ్చులో పోసిన గొలుసులు వందల కొద్దీ ఉంటాయి. పక్క షాపులోనూ అవే, పోతేపల్లి జ్యూయలరీ పార్క్‌లోనూ అవే ఉండొచ్చు. "ఇవి నా షాపువే" అని యజమాని దేన్ని బట్టి చెబుతున్నాడు? బిల్లా, కట్టకు కట్టిన చీటీయా, బరువా, ఇంకేదైనా గుర్తా? ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే కేసు సగం పోయినట్లే. మీ నాన్న పనిచేసే బల్ల దగ్గర పెరిగిన మీకు ఆ ప్రశ్న పుస్తకం చదవకుండానే తడుతుంది. దివిసీమ నుంచి వచ్చిన కుర్రాడికి చేపల చెరువు గట్టు తగాదాలో ఇలాంటి ప్రశ్నే తడుతుంది. ఊరి పని తెలిసిన లాయరు సాక్షిని అడిగే తీరు వేరుగా ఉంటుంది.

ఇంకొకటి భాష. సాక్షి తెలుగులో చెబుతాడు. కోర్టు రికార్డులోకి అది చాలాసార్లు ఇంగ్లిష్‌లో ఎక్కుతుంది. "నెట్టాడు" అన్నమాట "కొట్టాడు" అయిపోతే సెక్షనే మారిపోవచ్చు. ఆ క్షణంలో లేచి, "అయ్యా, సాక్షి అన్న మాట అది కాదు" అని మర్యాదగా, గట్టిగా చెప్పగలగాలి. ఇంగ్లిష్ రాదని భయపడే తెలుగు మీడియం విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకోండి. చట్టం, తీర్పులు ఇంగ్లిష్‌లో చదవక తప్పదు, ఆ కష్టం పడాల్సిందే. కానీ ట్రయల్ కోర్టులో మంచి తెలుగు చెవి ఉండటం తక్కువ అర్హత కాదు.

నిందితుడు మీతో ఒంటరిగా "అవును సార్, నేనే తీశాను" అంటే? మీరు ఎవరికీ చెప్పకూడదు. లాయరుకు క్లయింటు చెప్పిన మాటకు చట్టం రక్షణ ఉంది. అలాగని అతను ఆరోజు ఊళ్లోనే లేడని దొంగ సాక్షిని మీరు నిలబెట్టకూడదు. ప్రాసిక్యూషన్ తన కేసును రుజువు చేసిందా లేదా అని పరీక్షించవచ్చు, అంతవరకే. ఈ గీత దాటమని అడిగే క్లయింట్లు వస్తారు, ఎక్కువ ఫీజు ఇస్తామంటారు. మొదటిసారి ఎలా ప్రవర్తిస్తారో అదే మీ పేరుగా బార్‌లో స్థిరపడిపోతుంది. జిల్లా కోర్టు చిన్న ప్రపంచం. బెంచ్ క్లర్కు దగ్గర నుంచి జడ్జి దాకా ఏ లాయరు మాట నమ్మొచ్చో అందరికీ తెలుసు.

సీనియర్‌కీ మీకూ ఒకే పుస్తకం

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. ముప్పై ఏళ్లుగా సెక్షన్లు నాలుక చివర పెట్టుకున్న సీనియర్లు కూడా మళ్లీ పుస్తకం తెరవాల్సి వచ్చింది. 302 ఇప్పుడు 103. 307 ఇప్పుడు 109. 498ఏ ఇప్పుడు 85. జనం నోట్లో తిట్టుగా మారిపోయిన ఫోర్‌ట్వంటీ కూడా 318 అయింది, తిట్టు మాత్రం మారలేదు. జులై 1కి ముందు జరిగిన నేరాలకు పాత ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి ఇంకా చాలా ఏళ్లు రెండు పుస్తకాలూ సంచీలో ఉండాలి.

సెక్షన్ నంబర్లు మారడం పెద్ద విషయం కాదు, నెల రోజుల్లో అలవాటవుతాయి. లోపల మారినవి చూడండి. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలంటున్నారు. ఈ ఏర్పాటును దశలవారీగా అమలు చేయడానికి రాష్ట్రాలకు అయిదేళ్ల వ్యవధి ఇచ్చారు. ఫోన్ రికార్డు, సీసీ ఫుటేజీ వంటి వాటికి 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి, అందులో ఫైలుకు హ్యాష్ విలువ రాయాలి. ఆ ఫైలులో ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది. బీటెక్ చదివి ఉద్యోగం రాక ఇంట్లో కూర్చున్న అన్నయ్యలు, అక్కయ్యలు ఎంతమంది లేరు మన దగ్గర? మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేస్తే ఈ ఒక్క సర్టిఫికెట్‌ను చదివి అందులో తప్పు పట్టే శక్తి వాళ్లకు వస్తుంది. వయసు మీరిపోయిందన్న బెంగ అక్కర్లేదు. బాలగోపాల్ గణితంలో పీహెచ్‌డీ చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, పౌరహక్కుల ఉద్యమంలో ఏళ్లు గడిపాక, నలభై దాటిన తర్వాతే లాయరయ్యారు.

గడువులు కూడా గుర్తుపెట్టుకోండి. అరెస్టయిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతోంది. పదేళ్లు, ఆపైన శిక్ష పడే కేసుల్లో 90 రోజుల్లో, మిగతావాటిలో 60 రోజుల్లో చార్జిషీటు వేయకపోతే నిందితుడికి బెయిలు హక్కుగా వస్తుంది. కానీ అడగాలి. మర్నాడు చార్జిషీటు పడిపోతే ఆ హక్కు పోతుంది. ఆ 61వ రోజు ఉదయం పిటిషన్ పట్టుకుని కోర్టులో ఉండే జూనియరే మంచి జూనియర్. మొదటిసారి కేసులో ఇరుక్కున్న విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లోనే గడిపితే విడుదల చేయాలని 479వ సెక్షన్ అంటోంది. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటికి మించి కేసులున్నవాళ్లకూ కుదరదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది ఇంకా విచారణ తేలనివాళ్లే. నలుగురిలో ముగ్గురు. వీళ్లలో కొందరికి బెయిలు వచ్చి ఉంటుంది, జామీను ఇచ్చేవాళ్లు దొరక్క లోపలే ఉంటారు. బెయిలు వచ్చాక ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు చెప్పాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అలాంటి కబురు అందుకుని పరుగెత్తే లాయర్లు ఎవరు? కొత్తగా వచ్చిన మార్గం ఇక్కడే ఉంది.

జీతం వచ్చే దారి

జాతీయ న్యాయ సేవాధికార సంస్థ 2022లో లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పథకాన్ని తెచ్చింది. ఇంతకుముందు పేద నిందితుడికి ప్యానెల్‌లోంచి ఓ లాయర్ని కేటాయించి, కేసుకు ఇంతని చిన్న మొత్తం ఇచ్చేవాళ్లు. ఆ డబ్బుకు ఎవరు మనసు పెట్టి పనిచేస్తారు? ఇప్పుడు జిల్లాలో ప్రభుత్వ ప్రాసిక్యూటర్ల కార్యాలయం లాగే, నిందితుల కోసం పూర్తికాలపు లాయర్ల కార్యాలయం పెడుతున్నారు. చీఫ్‌కు పదేళ్ల క్రిమినల్ ప్రాక్టీస్, సెషన్స్ కోర్టులో కనీసం 30 కేసులు నడిపిన అనుభవం ఉండాలి. డిప్యూటీకి ఏడేళ్లు, 20 కేసులు. అసిస్టెంట్‌కు మాత్రం సున్నా నుంచి మూడేళ్లు. అవును, సున్నా నుంచి. నిన్న ఎన్‌రోల్ అయినవాళ్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నెలనెలా గౌరవ వేతనం వస్తుంది. రోజూ కోర్టు, జైలు సందర్శన, రిమాండు సమయంలో హాజరు, అన్నీ పనిలో భాగమే.

పథకంలో లోపాలు కూడా ఉన్నాయి, దాచి చెప్పడం ఎందుకు? ఇది కాంట్రాక్టు ఉద్యోగం. మొదట రెండేళ్లు, తర్వాత పనితీరు చూసి ఏడాది ఏడాదికీ పొడిగిస్తారు. ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. ఒక్కో జిల్లాలో అసిస్టెంట్ పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. అయినా ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోలేని అబ్బాయికి, అమ్మాయికి క్రిమినల్ డిఫెన్స్ నేర్చుకుంటూ నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే దారి ఇంతకుముందు లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నోటిఫికేషన్లు జిల్లా కోర్టుల వెబ్‌సైట్‌లో వస్తాయి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలన్నది 1987 నాటి చట్టం. కాబట్టి కేసులకు కొరత ఉండదు. ఉరిశిక్ష, యావజ్జీవం పడే కేసుల్లో మాత్రం న్యాయ సహాయం కింద పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లనే నియమించాలని 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మంచిదే. కొత్తవాడి చేతిలో మనిషి ప్రాణం పెట్టకూడదు.

ఆ పోస్టు దొరకనివాళ్ల సంగతి? సీనియర్ దగ్గర చేరాలి. జూనియర్లకు పట్టణాల్లో నెలకు 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని 2024 అక్టోబర్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిఫార్సు చేసింది. అది సిఫార్సే, ఆదేశం కాదు. ఆ మాట నమ్ముకుని ఇంటి ఖర్చుల లెక్క వేసుకోకండి. చాలా ఆఫీసుల్లో తొలి ఏడాది ఇచ్చేది పెట్రోలు ఖర్చుకే సరిపోతుంది. కొన్నిచోట్ల అదీ ఉండదు. అందుకే సుప్రీంకోర్టు మూడేళ్ల షరతు వెనుక ఉద్దేశం సరైనదే అయినా, భారం అందరి మీదా ఒకేలా పడదని నేను అనుకుంటున్నాను. తండ్రి లాయరైన కుర్రాడికి ఆ మూడేళ్లు శిక్షణ. వర్క్‌షాపులో రోజు కూలి చేసే ఇంటి అమ్మాయికి అది మూడేళ్ల జీతం కోల్పోవడం, పైగా "ఇంకెన్నాళ్లు చదువు" అనే మాటలు వినడం. షరతు పెట్టినప్పుడు స్టైపెండ్ కూడా కచ్చితం చేయాల్సింది.

కాస్త ఊరటనిచ్చే మార్పు ఒకటుంది. ఎన్‌రోల్‌మెంట్ పేరుతో రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేసేవి. చట్టంలో ఉన్న 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు తీసుకోకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చింది. ఎవరైనా ఎక్కువ అడిగితే ఆ తీర్పు పేరు అడగండి, గౌరవ్ కుమార్ కేసు.

దారిలో ముందు నడిచినవాళ్లు

ఈ వృత్తిలో డబ్బున్న ఇంటివాళ్లే పైకొస్తారని అనుకుంటే టంగుటూరి ప్రకాశం జీవితం చదవండి. తల్లి పూటకూళ్లిల్లు నడిపి చదివించింది. రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా బతుకు మొదలైంది. ఆ హోదాతో పై కోర్టుల్లో వాదించే వీలు లేదని ఇంగ్లండ్ వెళ్లి బారిస్టరై వచ్చారు. కలెక్టర్ ఆష్ హత్య కేసులో నిందితుల తరఫున నిలబడ్డ న్యాయవాదుల్లో ఆయనా ఉన్నారు. తెల్లదొరను చంపిన కేసు అది. ఆ రోజుల్లో ఆ పక్కన నిలబడటానికి ఎంత గుండె కావాలో ఊహించండి.

స్వాతంత్ర్యం తర్వాతి తరంలో కె.జి.కన్నబిరాన్. నెల్లూరులో పెరిగి, మద్రాసులో న్యాయవాదిగా మొదలై, హైదరాబాద్‌లో స్థిరపడ్డారు. పార్వతీపురం కుట్ర కేసులో నిందితుల తరఫున వాదించిన వాళ్లలో ఆయన ప్రముఖులు. ఎమర్జెన్సీలో జైలుపాలైన వాళ్ల కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. క్లయింట్ల రాజకీయాలతో అందరూ ఏకీభవించనక్కర్లేదు. ఆయన పట్టుదల ఎక్కడుందో చూడండి. తన జీవితకథకు పెట్టుకున్న పేరు '24 గంటలు'. పైన చెప్పుకున్న ఆ గడువే. జీవితమంతా ఆయన అడిగిన ప్రశ్నల్లో అది ముఖ్యమైనది: అరెస్టు చేసిన మనిషిని ఇంతసేపు ఎక్కడ ఉంచారు?

బందరుకూ ఈ సంప్రదాయం కొత్త కాదు. 1902లో ఇక్కడ కృష్ణా పత్రికను మొదలుపెట్టిన వారిలో ఒకరైన కొండా వెంకటప్పయ్య ఈ ఊళ్లో ప్లీడరే.

ఇక దరఖాస్తు సంగతి

ఇంటర్ తర్వాత అయితే అయిదేళ్ల కోర్సు, డిగ్రీ తర్వాత అయితే మూడేళ్లది. రెండింటికీ ఏపీ లాసెట్ రాయాలి. 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ 30, వర్తమాన వ్యవహారాలు 30, లా చదవడానికి అభిరుచి 60. అర్హత మార్కు 35 శాతం, ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు లేదు. బందరులోనే హిందూ లా కాలేజీ ఉంది, విజయవాడలో సిద్ధార్థ లా కాలేజీ. జాతీయ స్థాయిలో విశాఖ దామోదరం సంజీవయ్య, హైదరాబాద్ నల్సార్ కావాలంటే క్లాట్. అక్కడ చదివినవాళ్లలో చాలామంది కార్పొరేట్ ఆఫీసుల వైపు వెళ్తుంటారు. ట్రయల్ కోర్టు లాయరు కావడానికి పెద్ద కాలేజీ పేరు అవసరం లేదన్నది నా అభిప్రాయం. మంచి సీనియర్ దొరకడం అంతకంటే అవసరం. దూరవిద్య లా డిగ్రీలు ఇస్తామని ప్రకటనలు వస్తే దగ్గరికి పోకండి, వాటితో ఎన్‌రోల్ కాలేరు. డిగ్రీ అయ్యాక ఆలిండియా బార్ ఎగ్జామ్ 100 ప్రశ్నలకు ఉంటుంది. నోట్స్ లేని చట్టాల పుస్తకాలు లోపలికి తీసుకెళ్లనిస్తారు. జనరల్, ఓబీసీలకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం వస్తే పాస్.

సీనియర్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన కారు చూడకండి. ఆఫీసులో చార్జిషీట్లను జూనియర్లతో చదివిస్తారా, క్రాస్‌కు ముందురోజు రాత్రి ప్రశ్నలు రాసుకుంటారా, జూనియర్‌కు చిన్న సాక్షినైనా అప్పజెబుతారా అని అక్కడ పనిచేసినవాళ్లను అడగండి. అమ్మాయిలైతే ఆ ఆఫీసులో ఇంకెవరైనా మహిళా జూనియర్లు ఎక్కువకాలం నిలిచారా అన్నది కూడా. కొన్ని ఆఫీసుల్లో జూనియర్ అంటే వాయిదా అడిగే మనిషి మాత్రమే. అక్కడ మూడేళ్లున్నా నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఇవన్నీ తేల్చుకోకముందే చేయగలిగింది ఒకటుంది, పైసా ఖర్చు లేదు. క్రిమినల్ కోర్టు మామూలుగా అందరికీ తెరిచి ఉంటుంది. అత్యాచారం, పోక్సో వంటి కేసులు తప్ప మిగతావి ఎవరైనా వెనక బెంచీలో కూర్చుని వినొచ్చు. ఈకోర్ట్స్ యాప్‌లో మచిలీపట్నం కాజ్‌లిస్ట్ చూడండి, ఏ హాల్లో సాక్షుల విచారణ ఉందో తెలుస్తుంది. పదిన్నరకల్లా వెళ్లండి, ఫోన్ ఆపేయండి, జడ్జి వచ్చినప్పుడు లేచి నిలబడండి. మధ్యవర్తిగా సంతకం చేసిన సాక్షి బోనెక్కిన రోజు దొరికితే మరీ మంచిది. లాయరు ఏం అడిగాడో కాకుండా ఏది అడగకుండా వదిలేశాడో రాసుకోండి. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ కాగితం మళ్లీ చూసుకుని, మరుసటి రోజు కూడా వెళ్లాలనిపిస్తే లాసెట్ దరఖాస్తు నింపండి.